మా అంబాసిడర్, దాని లాగ్ బుక్

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల కిందట కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఈసారి మీరు ఒక అరగంట మాట్లాడాలి. విషయం మీ ఇష్టం. డి.ఏ. బకాయిల గురించి మాత్రం వద్దు. అది మొదలుపెడితే భోజనాల వేళ దాటిపోతుంది" అన్నారు. ఆరోగ్యం గురించి మాట్లాడదామంటే పోయినసారి డాక్టరుగారు మాట్లాడనే మాట్లాడారు. ఆయన చెప్పినవి మనమెవరమూ పాటించనూ లేదు. ఆధ్యాత్మికం నాకు చేతకాదు. అందుకని నాకు బాగా తెలిసిన ఒకే ఒక్క విషయం, మండపేటలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఉండే తెల్ల అంబాసిడర్ కారు గురించి నాలుగు మాటలు చెబుతాను. మీలో చాలామంది దాన్ని ఎరుగుదురు. కొందరు దాన్ని తోశారు కూడా. వారికి మరొక్కసారి కృతజ్ఞతలు.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ కారంటే నాకు మొదట్లో పడేది కాదు. అందుకు కారణం మన ఆఫీసే.

1970ల్లోనూ 80ల్లోనూ జిల్లా ఆఫీసంటే ఒక అంబాసిడరు, దానికో డ్రైవరు, దానికో లాగ్ బుక్. వెనక సీటు ఆఫీసరుగారిది. ముందు సీటులో డ్రైవరు, పక్కన నేను, నా ఒళ్ళో ఫైళ్ళ కట్ట, ఒక్కోసారి నాకూ తలుపుకీ మధ్య ప్యూను. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బెంచీలా ఉంటుంది, గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది కాబట్టి ముగ్గురు పట్టేవాళ్ళం. అన్నేళ్ళ సర్వీసులో ఆ కారు వెనక సీటు ఎలా ఉంటుందో నేను ఎరగను.

నాకు ఆ కారుతో ఉన్న బంధుత్వమంతా లాగ్ బుక్ ద్వారానే. తేదీ, బయలుదేరిన చోటు, చేరిన చోటు, మీటరు రీడింగు, పోయించిన పెట్రోలు, ప్రయాణ కారణం. నెలాఖరుకు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో లెక్క కట్టి పెట్టడం అకౌంట్స్ సెక్షను పని. ఒక నెల ఏడున్నరే వచ్చింది. డ్రైవరుని పిలిచి అడిగితే, "కాలవ గట్లమీద రెండో గేరులో నడిపితే అంతేనండి" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వివరణ రాతపూర్వకంగా ఇమ్మన్నాను. ఆయన నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

కారు పుట్టుపూర్వోత్తరాలు రెండు మాటల్లో చెబుతాను. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అని ఒక కారు ఉండేది. దాని ఆధారంగా బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1957లో అంబాసిడర్ మొదలుపెట్టారు. ఇంగ్లండువాళ్ళు కొద్ది కాలానికే దాన్ని వదిలేసి కొత్త మోడళ్ళకు పోయారు. మనవాళ్ళు 2014 మే దాకా తయారుచేస్తూనే ఉన్నారు. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని పేర్లు పెట్టి ముందున్న జాలీ మార్చారు, లైట్లు మార్చారు, డాష్‌బోర్డు మార్చారు. 1990ల్లో ఇసుజు ఇంజను కూడా పెట్టారు. మనిషి మాత్రం అదే మనిషి. 2013లో బి.బి.సి. వారి 'టాప్ గేర్' కార్యక్రమంలో ప్రపంచంలోని టాక్సీలన్నిటికీ పోటీ పెడితే ఇదే గెలిచిందట. మరుసటి ఏడే ఫ్యాక్టరీ మూసేశారు. పదవీ విరమణ నాడు శాలువా కప్పినట్టు.

ఇక నా కథ. 1996లో మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. మా అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు, బస్సు మెట్లు ఎక్కలేదు. ఇంట్లో ఒక కారుండాలనిపించింది. నా కన్ను మారుతి 800 మీద ఉంది. 1983 చివర్లో అది వచ్చిన దగ్గర్నుంచీ పేపర్లో దాని బొమ్మ చూసి ముచ్చటపడేవాణ్ణి. పాసుపుస్తకం అందుకు ఒప్పుకోలేదు. అదే సమయంలో మా వూరి రైసుమిల్లు యజమాని ఒకాయన కొత్త కారు కొని, పాత అంబాసిడర్ అమ్మకానికి పెట్టారు. 1986 మోడల్, మార్క్ 4, పెట్రోలు ఇంజను, 1489 సి.సి. మీటరు ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటికొచ్చిందని ఆయనే నిజాయితీగా చెప్పారు. 58 వేలకు బేరం కుదిరింది. జి.పి.ఎఫ్. నుంచి కొంత, మా ఆవిడ గాజుల మీద కొంత.

ఇంటికి తెచ్చిన రోజు మా అబ్బాయి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నాన్నా, ఆఫీసుని ఇంటికి తెచ్చావేంటి?" అన్నాడు. నాకూ లోపల అదే బాధ. ఆదివారం కూడా లాగ్ బుక్ మొహం చూడాల్సి వచ్చిందే అని. అన్నట్టు, ఆ రోజు సాయంత్రమే రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం కొని గళ్ళు గీశాను. అలవాటు చూడండి, ఎవరికి ఆడిట్ చెప్పాలనో!

మొదటి ఆరు నెలలూ కారుకీ నాకూ పోరాటమే. స్టీరింగు తిప్పితే భుజాలు నొప్పి. గేరు రాడ్డు ఒకటికీ రెండుకీ మధ్య ఇరుక్కుపోయేది. అప్పుడు దిగి, బానెట్ ఎత్తి, చేత్తో ఆ లింకుని ఇటు లాగి సరిచేయాలి. పెళ్ళిచూపులకి వెళుతూ తెల్లచొక్కాతో ఆ పని చేసిన రోజొకటి ఉంది. కింద ఆయిల్ కారేది. ఇంటి ముందు సిమెంటు నేల పాడవుతోందని మా ఆవిడ పాత రేకు పళ్ళెం పెట్టేది. "ఆయిల్ కారడం ఎప్పుడు ఆగుతుంది మేస్త్రీ?" అని అడిగితే, "ఆగిందంటే అయిపోయిందని అర్థం సార్, వెంటనే పోసుకోండి" అన్నాడు.

అసలు గుణం మొదట తెలిసింది నాకు కాదు, మా అమ్మకి. ఆ ఏడు కార్తీకమాసంలో అన్నవరం బయలుదేరాం. ముందు ముగ్గురం, వెనక నలుగురు పెద్దవాళ్ళు, ఒక చంటిపిల్ల. అమ్మ కారు తలుపు దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి, అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుని, కాళ్ళు లోపల పెట్టుకుంది. అంతే. వంగడం లేదు, తల తగలడం లేదు, ఎవరూ చెయ్యి పట్టుకోనక్కరలేదు. అంబాసిడరు సీటు ఎత్తు మన ఇంటి అరుగు ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. తలుపు బార్లా తెరుచుకుంటుంది. ఇప్పటి కార్లలో కూర్చోవాలంటే బావిలోకి దిగినట్టు దిగాలి. లేవాలంటే ఇద్దరు పైకి లాగాలి. మన వయసులో మోకాళ్ళున్న వాళ్ళకి ఈ తేడా ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

ఆ ప్రయాణంలో కత్తిపూడి దగ్గర ఒక కానిస్టేబులు మా తెల్ల అంబాసిడర్ని చూసి అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. నేను కంగారుపడి తల దించుకున్నాను. మా ఆవిడ మాత్రం పమిట సర్దుకుని హుందాగా తలూపింది. "పాతికేళ్ళు మీరు చేసిన ఉద్యోగానికి రానిది, ఈ కారుకి వచ్చింది చూశారా" అంది. ఇంట్లో ఈ మాట పదేళ్ళు నడిచింది.

మెత్తదనం సంగతి కూడా చెప్పాలి. పదిహేను అంగుళాల చక్రాలు, వెనక పట్టీ స్ప్రింగులు. మన డెల్టా రోడ్ల గుంటలు మీకు తెలియనివి కావు. చిన్న కారు ప్రతి గుంటలోకీ దిగి దాని లోతు మనకి చెబుతుంది. ఇది గుంట మీద ఒక ఊపు ఊగి పోతుంది, పడవ ఊగినట్టు. ముందు తలుపులకి త్రికోణంలో చిన్న అద్దం ఉంటుంది. దాన్ని మన వైపు తిప్పితే గాలి నేరుగా గుండెమీదకి కొడుతుంది. ఎ.సి. లేదన్న లోటు ఏప్రిల్ దాకా తెలియదు. మే నెలలో మాత్రం తెలుస్తుంది, అబద్ధమాడను.

ఇక నమ్మకం. అంబాసిడర్ని నమ్మకమైన కారు అంటే మా అబ్బాయి నవ్వుతాడు. "హారను తప్ప అన్నీ మోగుతాయి" అన్న పాత ఛలోక్తి చెబుతాడు. నిజమే, అది చెడిపోతుంది. చెడిపోయే ముందు చెబుతుంది. డైనమో బ్రష్షులు అరిగిపోతుంటే రాత్రిపూట లైటు పసుపు రంగుకి తిరుగుతుంది. క్లచ్ పోయేముందు నెలరోజులు వాసన వేస్తుంది. పాయింట్లు మాడితే పొద్దున్నే స్టార్టవడానికి బద్ధకిస్తుంది. గరుకు కాగితంతో రెండు రుద్దులు రుద్ది, సందు సరిచేస్తే మళ్ళీ మామూలే. రేడియేటరు సన్నగా కారితే గుప్పెడు పసుపు వేసి ఊరు చేరుకోవచ్చు. పెట్రోలు ట్యాంకు చెమర్చితే బట్టల సబ్బు రుద్ది వారం గడపొచ్చు. ఇవన్నీ మేస్త్రిగారి దగ్గర ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవి. ఆయన ఎప్పుడూ నన్ను దగ్గరుండి చూడమనేవాడు. "సార్, మీరు చూస్తే రేపు రోడ్డుమీద నేను లేకపోయినా పర్లేదు" అనేవాడు. నలభయ్యేళ్ళు దాటాక నాకు ఒక విద్య నేర్పిన గురువు ఆయనొక్కడే.

ఒక ఏడాది గడిచాక నా సొంత లాగ్ బుక్ తీసి సగటు కట్టాను. రాజమండ్రి, వైజాగు వైపు హైవే మీద లీటరుకు పది. రామచంద్రపురం, ద్రాక్షారామం, కాలవగట్లు తిరిగిన నెలల్లో ఏడున్నర, ఎనిమిది. ఆ అంకె చూసి కాసేపు అలాగే కూర్చున్నాను. మర్నాడు ఆ పుస్తకం పట్టుకుని ఆ డ్రైవరుగారింటికి వెళ్ళాను. అప్పటికి ఆయన రిటైరై రామచంద్రపురంలో ఉంటున్నాడు. పేజీ తెరిచి చూపించి, "మీరు చెప్పిందే నిజమండి, నేను మెమో ఇవ్వాల్సింది కాదు" అన్నాను. ఆయన పుస్తకం చూడనే లేదు. బయటికొచ్చి కారు చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తించి, ఇంజను స్టార్ట్ చేయించి చెవి పెట్టి విన్నాడు. "ట్యాపెట్లు కొంచెం బిగువుగా ఉన్నాయండి, వదులు చేయించండి" అన్నాడు. కాఫీ ఇచ్చారు. మెమో మాట ఎత్తలేదు. నేను ట్యాపెట్లు సరిచేయించాను. ఇంజను నిజంగానే మెత్తబడింది.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఇదివరకు ఎక్కడా చెప్పలేదు. మీలో కొందరికి తెలుసు.

నేను 2004లో రిటైరయ్యాను. 2010లో మా ఆవిడకి కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్నారు. కాకినాడలో ఒక ఆసుపత్రిలో కుదిరింది. మండపేట నుంచి రామచంద్రపురం మీదుగా సుమారు నలభై కిలోమీటర్లు. మంగళవారం, శుక్రవారం. పోను గంటకు పైగా, మిషను మీద నాలుగు గంటలు, రాను మళ్ళీ అంతే. పిల్లలు కొత్త కారు కొనిస్తామన్నారు. ఒకసారి మా అల్లుడుగారు తన కారు తెచ్చారు కూడా. చాలా మంచి కారు, ఎ.సి. ఉంది. మా ఆవిడ వెళ్ళేటప్పుడు బాగానే కూర్చుంది. వచ్చేటప్పుడు, డయాలసిస్ అయ్యాక బి.పి. పడిపోతుంది కదా, కాళ్ళు చాపుకోవడానికి లేదు, వెనక సీటు మధ్యలో గట్టు, తల వాల్చడానికి చోటు లేదు. ఇంటికొచ్చాక, "ఏవండీ, మన బండిలోనే వెళ్దామండీ" అంది. అంతే, ఆ తరవాత ఇంకో కారు మాట రాలేదు.

మన బండి వెనక సీటు సాపుగా మంచంలా ఉంటుంది. ఒక దిండు, ఒక దుప్పటి అందులోనే ఉండేవి. మా అమ్మాయి ఒళ్ళో తల పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని పడుకునేది. నేను ముప్పై అయిదు, నలభైకి మించకుండా నడిపేవాణ్ణి. ఏ గుంట ఎక్కడుందో, ఏ కల్వర్టు దగ్గర ఎగుడు ఉందో నాకు నోటికొచ్చేసింది. ఇంజను చప్పుడు ఒకే శ్రుతిలో ఉంటే ఆవిడకి నిద్ర పట్టేది. గేరు మార్చితే మెలకువ వచ్చేది. అందుకని గేరు మార్చకుండా ఎంత దూరం పోవచ్చో చూసుకునేవాణ్ణి. నలభై ఏళ్ళ సంసారంలో నేను ఆవిడ కోసం అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన పని ఇంకోటి ఉందని చెప్పలేను.

ఇరవై ఎనిమిది నెలలు. లాగ్ బుక్ లెక్క ప్రకారం 241 ట్రిప్పులు. కారు దారిలో ఆగింది మూడుసార్లు. ఒకసారి పంక్చరు. ఒకసారి ఫ్యాను బెల్టు తెగింది, డిక్కీలో ఇంకోటి ఉంది కాబట్టి వేసుకున్నాను. మూడోది చెబుతాను.

2011 మే నెల. మధ్యాహ్నం పన్నెండు. ఒంటిగంటకి మిషను టైము. కరప దాటిన కాసేపటికి ఇంజను రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. బానెట్ ఎత్తి చేయి పెట్టలేని వేడి. సంగతి తెలుస్తూనే ఉంది. ఎండకి పంపులో పెట్రోలు ఆవిరైపోయి ఇంజనుకి అందడం లేదు. తడిగుడ్డ కప్పాలి. కాలవ పక్కనే ఉంది గానీ, మే నెల కదా, కాలవలు కట్టేసిన రోజులు, చుక్క నీరు లేదు. సీసాలో ఉన్నది మా ఆవిడ తాగే నీళ్ళు. డయాలసిస్ వాళ్ళకి రోజుకి ఇంతని కొలిచి ఇస్తారు. అవి ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. తువ్వాలు పట్టుకుని రోడ్డవతల ఇంటికి పరిగెత్తాను. ఆ ఇల్లాలు కుండతో నీళ్ళు ఇచ్చింది. తువ్వాలు తడిపి పంపు మీద వేసి, ఆరిపోతే మళ్ళీ తడిపి, అలా పావుగంట. నా చేతులు వణుకుతున్నాయి. నోటికొచ్చినట్టు కారుని తిడుతున్నాను. ఈ పాత డొక్కుని నమ్ముకుని ఎంత పని చేశాను అని.

వెనక సీటులోంచి మా ఆవిడ, "ఎందుకండీ దాన్ని అలా తిడతారు? ఆగింది గానీ మనల్ని వదిలేసిందా? ఎండకి దానికి మాత్రం కళ్ళు తిరగవూ?" అంది.

పావుగంటకి స్టార్టయింది. ఆసుపత్రికి పది నిమిషాలు ఆలస్యంగా చేరాం. టెక్నీషియను కుర్రాడు మిషను ఎవరికీ ఇవ్వకుండా ఉంచాడు. ఆ 241 సార్లలో ఆవిడకి డయాలసిస్ తప్పిన రోజు ఒక్కటీ లేదు.

2012 డిసెంబరులో ఆవిడ వెళ్ళిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది కూడా ఈ కారులోనే. లాగ్ బుక్‌లో ఆ రోజు తేదీ వేశాను. బయలుదేరిన చోటు, చేరిన చోటు రాశాను. మీటరు రీడింగు గడి, ప్రయాణ కారణం గడి ఖాళీగా ఉన్నాయి. తరవాత కూడా పూర్తిచేయలేదు. ఆడిట్ అభ్యంతరానికి తావున్న ఖాళీ ఆ పుస్తకాల్లో అదొక్కటే.

తరవాతి సంవత్సరాలు త్వరగా చెప్పేస్తాను. కారుకి మనలాగే వయసు తెచ్చిన సమస్యలు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే కదా. ఈ పాత ఇంజన్లు సీసం ఉన్న పెట్రోలుకి అలవాటు పడ్డవి. వాల్వు సీట్లు అరిగితే ఒకసారి హెడ్డు విప్పి మార్పించాల్సి వచ్చింది. ఇప్పుడు పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్. పాత రబ్బరు గొట్టాలకి అది పడదు. మేస్త్రిగారు గొట్టాలు, వాషర్లు అన్నీ మార్చారు. సామాను విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతుంది, దుకాణం ముందు కాస్త ఓపికగా నిలబడాలి. మేస్త్రిగారబ్బాయి ఇప్పుడు లాప్‌టాప్ పెట్టి కార్లు చూస్తాడు. కొత్త కారుకి వైరు గుచ్చితే దాని జబ్బు తెరమీద కనిపిస్తుంది. మా కారుని చూసి, "తాతగారూ, దీనికి గుచ్చడానికి చిల్లే లేదండీ" అంటాడు.

మన ఆఫీసు అంబాసిడర్ని కడసారి ఆవరణలో షెడ్డు వెనక చూశాను. టైర్లు లేవు, లోపల కుక్క పిల్లలు పెట్టింది. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలన్నిటికీ రిజిస్ట్రేషన్ రద్దు చేశారు. మరోసారి వెళ్ళేసరికి అక్కడ అది లేదు.

నేను కారు నడపడం 2022లో మానేశాను. ఎవరూ మాన్పించలేదు. ఒక సాయంత్రం కలవపువ్వు సెంటరులో సైకిలు మీద పిల్లవాడు అడ్డం వచ్చాడు. నేను చూసేసరికి చాలా దగ్గరకొచ్చేశాడు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, అయినా పట్టాయి. పిల్లవాడికేమీ కాలేదు. బ్రేకులు పని చేశాయి, కళ్ళు పని చేయలేదు. ఇంటికొచ్చి తాళాలు మా మనవడి చేతికిచ్చాను. వాడు ఇంట్లోంచే కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు. ఆదివారాలు వాడే నడుపుతాడు.

ఆ మొదటి ఆదివారం నేను వెనక సీటులో కూర్చున్నాను. మా కారులో వెనక సీటులో కూర్చోవడం నాకదే మొదటిసారి. ఆవిడ కూర్చునే ఎడమ వైపే కూర్చున్నాను. అక్కడినుంచి చూస్తే రోడ్డు పెద్దగా కనిపించదు. డ్రైవరు తల వెనక భాగం, అద్దంలో అతని కళ్ళు, పక్కన త్రికోణపు చిన్న అద్దంలోంచి కొబ్బరి చెట్లు. ఆ ఇరవై ఎనిమిది నెలలూ ఆవిడ చూసింది ఇదన్నమాట.

మా అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చినప్పుడల్లా, "నాన్నా, దీన్ని తుక్కుకి ఇచ్చేద్దాం" అంటాడు. వాడు చెప్పేదాంట్లో తప్పు లేదు. దానికి ఎయిర్ బ్యాగులు లేవు, బెల్టులు తరవాత పెట్టించినవి. హైవే మీద ఇప్పుడు వచ్చే వేగాలకి అది తట్టుకోదు. అందుకే హైవే ఎక్కనివ్వను. ఖర్చు సంగతి కూడా వాడు చెప్పేది నిజమే. ప్రైవేటు కారుకి పదిహేనేళ్ళు దాటాక అయిదేళ్ళకోసారి పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 2021లో నేను పొడిగించినప్పుడు ఫీజు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. హరిత పన్ను వేరే. మా కారు గడువు 2026 డిసెంబరు. మనం బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్ ఇస్తున్నాం, మనకి ఫీజు లేదు. అది అయిదేళ్ళకోసారి ఇస్తుంది, దానికి పదివేలు.

చాలా రోజులు ఆలోచించాను. కట్టడానికే నిర్ణయించుకున్నాను. పదివేలు వేరే కవరులో పెట్టి, మీద 'ఫిట్‌నెస్' అని రాసి బీరువాలో ఉంచాను. పరీక్షలో ఇన్‌స్పెక్టరుగారు పనికిరాదంటే మారుమాట్లాడను. ఆయన సంతకానికి విలువ ఇవ్వకపోతే మనం ఇన్నాళ్ళు చేసిన ఉద్యోగం ఏమిటి? తుక్కుకి పంపేముందు సీటు మాత్రం విప్పించుకుంటానని మేస్త్రిగారితో చెప్పి ఉంచాను.

ఈలోగా దానికొక పని పెట్టాను. అది చెప్పడానికే అసలు కార్యదర్శిగారు అడగ్గానే ఒప్పుకున్నాను. మనలో కొందరికి వేలిముద్రలు అరిగిపోయి మిషను మీద పడడం లేదు. సెల్‌ఫోను ముందు ముఖం పెడితే అది గుర్తుపట్టడం లేదు. సబ్ ట్రెజరీకి స్వయంగా వెళ్ళాల్సి వస్తోంది, ఆటో ఎక్కలేక అవస్థపడుతున్నారు. సర్టిఫికెట్లు ఇచ్చే రోజుల్లో శనివారాలు తప్పించి, ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా మా అంబాసిడరు మన సంఘం ఆఫీసు ముందు ఉంటుంది. మా మనవడు సెలవు పెట్టి నడుపుతానన్నాడు. వెనక ముగ్గురు, ముందు ఒకరు హాయిగా కూర్చోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవారు ముందుగా కార్యదర్శిగారికి పేరు ఇస్తే ఇంటి దగ్గరే ఎక్కించుకుంటాడు. ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి, అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుని, ఆ తరవాత కాళ్ళు లోపల పెట్టుకోండి. లాగ్ బుక్ డాష్‌బోర్డు అరలో ఉంటుంది. దిగాక దాంట్లో ఒక సంతకం పెట్టండి. డి.ఏ. బకాయిల గురించి దారిలో ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.